జాతి పేరుతో నిషేధం: కుక్క కాట్లు తగ్గాయా?

బ్రిటన్ 1902 నాటికి తన గడ్డ మీద రేబిస్ లేకుండా చేసుకుంది. వీధిలోకొచ్చే కుక్కల మూతికి చిక్కం కట్టించింది, దిక్కులేని కుక్కలను పట్టించింది, బయటి దేశాల నుంచి వచ్చేవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచింది. అది ఏ జాతి అన్నది ప్రశ్నే కాలేదు. అంతకుముందు 1871లో చేసిన చట్టమూ అంతే. ఫలానా కుక్క ప్రమాదకరమని తేలితే అదుపులో పెట్టమనో, చంపమనో ఆ ఒక్క కుక్క గురించే కోర్టు ఉత్తర్వు ఇచ్చేది.

జాతి మీద అనుమానం మాత్రం అప్పటికే మొలకెత్తింది. 1870ల్లో న్యూయార్కులో పిచ్చికుక్కల భయమంతా స్పిట్జ్ అనే బొచ్చుకుక్కల జాతి మీద పడింది. 1929లో ఆస్ట్రేలియా జర్మన్ షెపర్డ్ దిగుమతిని ఆపేసింది. అవి డింగోలనే అడవి కుక్కలతో కలిస్తే పుట్టే సంకరం గొర్రెల మందలను బతకనివ్వదని కాపరుల భయం. ఆ నిషేధం 1970ల దాకా నడిచింది. ఈలోగా అదే కుక్క ఎన్నో దేశాల్లో పోలీసు జాగిలంగా పేరు తెచ్చుకుంది.

అసలు మలుపు 1991. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆరేళ్ల పాపను ఒక పిట్‌బుల్ ఘోరంగా గాయపరిచింది. పత్రికలు భగ్గుమన్నాయి. హోంమంత్రి కెనెత్ బేకర్ నెలల్లోనే ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చారు. పిట్‌బుల్ టెరియర్, జపాన్ టోసా, డోగో అర్జెంటీనో, ఫీలా బ్రసిలేరో అనే నాలుగు రకాలకు కళ్లెం పడింది. పిట్‌బుల్ అవునో కాదో తేల్చడానికి కుక్కను నిలబెట్టి భుజం ఎత్తు, తల ఆకారం, దవడ, తోక చూసేవారు. కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. స్వభావం ఎంత సాధువైనా, రూపురేఖలు సరిపోతే చాలు, చట్టానికి చిక్కినట్టే.

డెంప్సీ కథ ఇక్కడ చెప్పితీరాలి. 1992లో లండన్‌లో ఈ ఆడ పిట్‌బుల్‌ను బయట తిప్పుతుంటే దానికి ఒంట్లో బాగాలేదు. బయట తప్పనిసరిగా ఉండాల్సిన చిక్కాన్ని కాసేపు విప్పారు. అది ఎవరినీ కరవలేదు. అయినా పోలీసులు పట్టుకుపోయారు, కోర్టు చంపమంది. అప్పీళ్లు నడిచి 1995లో హైకోర్టు విడిచిపెట్టేదాకా, మూడేళ్లకు పైగా, ఆ మూగజీవి బోనులోనే ఉంది. 1997లో చట్టాన్ని సడలించి, ప్రమాదం లేదనిపించిన కుక్కను షరతులతో వదిలే అధికారం కోర్టులకు ఇచ్చారు.

మరి కాట్లు? ఇంగ్లండ్‌లో 1998లో లక్ష మందికి 6.34 చొప్పున ఉన్న ఆసుపత్రి చేరికలు 2018 నాటికి 14.99కి చేరాయి. 2023 డిసెంబరు 31 నుంచి ఎక్స్‌ఎల్ బుల్లీని కూడా జాబితాలో చేర్చారు. నెదర్లాండ్స్ 1993లో తెచ్చిన నిషేధాన్ని పనికిరాలేదని వదిలేసింది. ఇటలీ 2009లో జాతుల జాబితాను తీసేసి బాధ్యతను యజమాని మీద పెట్టింది. 1989 నుంచి పిట్‌బుల్‌ను నిషేధించిన అమెరికా నగరం డెన్వర్‌లో ఓటర్లే 2020లో దాన్ని ఎత్తేశారు.

ఎదురు సాక్ష్యమూ ఉంది. కెనడాలో విన్నిపెగ్ నగరం 1990లో పిట్‌బుల్‌ను నిషేధించింది. నిషేధాలున్న చోట్ల ఆసుపత్రి చేరికలు తగ్గాయని 2013లో ఆ నగరమున్న మానిటోబా రాష్ట్రంలో చేసిన పరిశీలన చెప్పింది. బలమైన దవడలున్న పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుంది, అందులో సందేహం లేదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోపాన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ అమెరికాలో 2000-2009 మధ్య జరిగిన 256 కుక్కకాటు మరణాలను పరిశీలిస్తే, జాతిని ఖాయంగా చెప్పగలిగింది 45 సందర్భాల్లోనే. ఎక్కువ ఘటనల్లో కనిపించినవి వేరే: ఆపడానికి దగ్గర్లో పెద్దవాళ్లు లేకపోవడం, చనిపోయిన మనిషి ఆ కుక్కకు కొత్త కావడం, కుక్కను మనుషులతో కలవనీయకుండా దూరంగా ఉంచడం. చూడాల్సింది ఇక్కడేనని నా నమ్మకం. జాబితా రాయడం సులువు, ప్రతి ఇంట్లో గొలుసు ఎవరి చేతిలో ఉందో చూడడం కష్టం. ప్రభుత్వాలు సులువైన పనే చేశాయి.

మన దేశమూ అదే దారి పట్టింది. 2022 జులైలో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంటి పిట్‌బుల్లే చంపింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాలను నిషేధించాలని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని చంపినవి ఈ 23లో ఏవీ కావు, వీధి కుక్కలు. ఆ ఘటన వీడియో చూసిన వాళ్లెవరూ మరిచిపోలేరు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్క కాట్లు నమోదయ్యాయి.

2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధి కుక్కలన్నింటినీ తరలించమన్న సుప్రీంకోర్టు, 22న తీర్పు మార్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని తప్ప. దీనికి పశువైద్యులు కావాలి, షెడ్లు కావాలి, ఏళ్ల తరబడి డబ్బు కావాలి. ఈలోగా కాట్లు ఆగవు కాబట్టి వైద్యమూ అందాలి. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడగాలి. చర్మం చీల్చిన కాటుకు టీకా ఒక్కటే చాలదు, గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి. ఆ మందు మండల ఆసుపత్రిలోనే దొరకాలి, రక్తమోడుతున్న పిల్లాణ్ని ఎత్తుకుని తల్లి జిల్లా కేంద్రం దాకా బస్సెక్కే పరిస్థితి ఉండకూడదు.