మేనమామ వెలిగించిన దీపము

పందొమ్మిదవ శతాబ్దమున మన సీమలో నాటకకళ నేర్పు పాఠశాల లేదు. వేషము కట్టదలచినవాడు చూచి నేర్చుకొనవలెను, చేసి దిద్దుకొనవలెను. అట్టివానికి ప్రక్కన ఒక పెద్దవాడు నిలిచిన ఎంత మేలు కలుగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన బళ్ళారియే అందుకు సాక్షి.

1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు బళ్ళారిలో న్యాయవాదులు. వారు సరసవినోదినీ సభను నెలకొల్పి, ‘చిత్రనళీయము’ మొదలైన నాటకములను తామే రచించి, తామే ఆడించి, తామే వేషములు ధరించిరి. ‘విషాదసారంగధర’తో తెలుగు రంగమునకు విషాదాంతమును పరిచయము చేసిరి. లోకము వారిని ఆంధ్రనాటక పితామహుడని గౌరవించెను.

వారి మేనల్లుడే తాడిపత్రి రాఘవాచార్యులు. మనము బళ్ళారి రాఘవ యని పిలుచుకొను మహానటుడు. 1880 ఆగస్టు 2వ తేదీన ఆయన జన్మించెను. తండ్రిగారు తెలుగు పండితులు. తండ్రి వలన భాష, మేనమామ వలన రంగస్థలము ఆయనకు పసితనముననే పరిచయమయ్యెను. వ్రాయువాడును, ఆడించువాడును, ఆడువాడును ఒక్కరే అయిన మేనమామ గల బాలునకు నాటకము దూరపు వింత కాదు. అది శ్రమించి చేయు పని యని తెలియును. మార్గదర్శి ఇచ్చు మొదటి వరమిదియే.

రాఘవ మదరాసున న్యాయశాస్త్రము చదివి, బళ్ళారిలో న్యాయవాదియై పేరు గాంచెను. షేక్స్పియరు నాటకములను ప్రదర్శించుటకు ఇచట ఒక సంఘమును నడపెను. ఇందొక విశేషము గలదు. మేనమామ సభ యుండగా, రాఘవ విశేషకీర్తి గడించినది కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభలో. శ్రీనివాసరావుగారు ప్రపంచ నాటకచరిత్రను ఆంగ్లమున వ్రాసి 1908లో ప్రకటించిన పండితులు. విజయనగర పతనమును గూర్చి వారు రచించిన నాటకమున రాఘవ ధరించిన పఠాను రుస్తుము వేషము చిరస్మరణీయమయ్యెను. ఒక పెద్ద కళను పరిచయము చేసెను. వేరొక పెద్ద తగిన పాత్రలనిచ్చెను. నేర్చువానికి ఒక్క గురువే చాలునని తలంపరాదు.

మేనమామ నాటకములందు పాటలు, పద్యములు మెండు. రాఘవయో దీర్ఘ రాగాలాపనలను తగ్గించి, మాటకును ముఖభావమునకును ప్రాధాన్యమిచ్చెను. గురువు పద్ధతిని విడిచినంత మాత్రమున గురుఋణము తీరనట్లు కాదు. శిష్యుడు తన గొంతుకను తాను కనుగొనుటయే ఆ ఋణము తీరుట.

రామకృష్ణమాచార్యులుగారు 1912లోను, శ్రీనివాసరావుగారు 1919లోను కీర్తిశేషులైరి. పిమ్మట రాఘవయే ఇతరులకు మార్గదర్శి యయ్యెను. విదేశములకేగి బెర్నార్డు షాను కలిసివచ్చిన ఆ మహానుభావుడు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కొప్పరపు సరోజిని వంటివారిని రంగమునకు తెచ్చెను. బందా కనకలింగేశ్వరరావుగారును ఆయన శిక్షణ పొందినవారే. 1946లో రాఘవ అస్తమించెను. ఆయన ముట్టించిన దీపములు ఆరలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. కన్నడమున కూడ నటించిన రాఘవకు ఈ రెండు భాషల నడుమ గోడ లేదు, మనకును ఉండనక్కరలేదు. ఊరిలో రాఘవ కళామందిరము ఆయన పేరును నిలుపుచున్నది. కాని మందిరము పేరును నిలుపును, విద్యను నిలుపువారు మనుష్యులే.

మన పిల్లలు నేడు బడిలో కన్నడమును, ఆంగ్లమును నేర్చుచున్నారు. అందులో ఎవడో ఒకడు తెలుగు పద్యమును విని, తనంత తానే పాడుకొనుచుండును. వానిని నవ్వి పోగొట్టకుడు. కూర్చుండబెట్టి ఉచ్చారణ దిద్దుడు. పండుగనాడు నలుగురి యెదుట ఒక్క అవకాశమిండు. మీకు చేతనైనంత చెప్పి, చేతకానిచోట అంతకన్న తెలిసినవారి కడకు తీసికొనిపొండు. పిదప వాడు మీ బాట విడిచి వేరు బాట త్రొక్కినచో కినుక వహింపకుడు. అట్లు త్రొక్కిన మేనల్లుని వలననే నేటికిని బళ్ళారి పేరు తెలుగువారి నోట నిలిచియున్నది.