అక్షరం కలిపిన పరిచయాలు: అంతర్జాలంలో తెలుగు పాఠకమైత్రి - ఖమ్మం ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం

సాహిత్యచరిత్రలో కవికి స్థానముంది, కావ్యానికి స్థానముంది, పత్రికకూ పరిషత్తుకూ స్థానముంది. చదివినవాడికి మాత్రం పెద్దగా చోటు లేదు. ఒకే పుస్తకం చదివిన ఇద్దరు అపరిచితులు ఆ పుస్తకం కారణంగానే స్నేహితులు కావడం సాహిత్యజీవనంలో నిత్యం జరిగేదే అయినా, దానిని చరిత్రాంశంగా పరిగణించిన పరిశోధనలు మనకు తక్కువ. గడచిన మూడు దశాబ్దాలలో ఇటువంటి స్నేహాలు ఎక్కువగా ఏర్పడిన చోటు అంతర్జాలం. ఆ స్నేహాల పూర్వరంగాన్ని, వాటి తొలి దశను, ఖమ్మం ప్రాంతంతో వాటికున్న సంబంధాన్ని, నేడు వాటి ఆధారాలకు కలుగుతున్న నష్టాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బోనకల్ వైపునుంచి ఈ విషయాన్ని చూడటానికి కారణముంది. కాజీపేట - విజయవాడ రైలుమార్గంలో ఉన్న ఈ మండల కేంద్రం ఒకవైపు ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. ఉమ్మడి ఖమ్మం జిల్లా రెండో కొసన ఇల్లెందు, కొత్తగూడెం దాటితే భద్రాచలం అడవులు. పెద్ద గ్రంథాలయం గాని, ప్రచురణ సంస్థ గాని, విశ్వవిద్యాలయం గాని అందుబాటులో లేని ఇటువంటి చోట పాఠకుడికి పుస్తకం దొరకడం ఒక సమస్య అయితే, దానిని గురించి మాట్లాడుకోవడానికి మనిషి దొరకడం అంతకంటె పెద్ద సమస్య. అంతర్జాల పాఠకమైత్రి పుట్టింది ఈ రెండో కొరతనుంచే అని నా అభిప్రాయం. ఆ కొరత హ్యూస్టన్‌లోని తెలుగు విద్యార్థికీ బోనకల్‌లోని తెలుగు ఉపాధ్యాయుడికీ సమానమే. అది తీరే మార్గం మాత్రం ఇద్దరికీ ఒకే కాలంలో అందలేదు.

2. ఉత్తరం నడిపిన కాలం

అంతర్జాలానికి ముందు ఈ పని చేసింది తపాలా. చలం చింతా దీక్షితులుకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ నడిపిన లేఖాసాహిత్యం తెలుగువారికి సుపరిచితమే. వారపత్రికల్లో ‘కలంస్నేహం’ శీర్షికలు, పాఠకుల ఉత్తరాల పుటలు సామాన్య పాఠకులకు ఇదే అవకాశాన్ని మరో స్థాయిలో కల్పించాయి.

తెలంగాణలో దీనికి రాజకీయ ప్రాధాన్యం కూడా ఉంది. నిజాం పాలనలో గస్తీ నిషాన్ తిర్పన్ వంటి ఉత్తర్వులు సభలను, సమావేశాలను కట్టడి చేసిన కాలంలో కలిసి చదవడమే ఒక సాహసం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభ 1934లోనూ, మళ్ళీ 1945లోనూ ఖమ్మంలో జరిగింది. ఈ ప్రాంతపు పఠనసంస్కృతికి ఆ సభలు గట్టి నేపథ్యం.

వీటన్నిటిలో ప్రస్తుత విషయానికి అతి సన్నిహితమైనది సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా వచ్చిన ఆ సంచికలో 354 మంది కవులున్నారు. దానిని మనం సాధారణంగా ఆత్మగౌరవ ప్రకటనగా చదువుతాం, అది సరైనదే. కాని మరొక విధంగా కూడా చదవవచ్చు. ఒకరి ఉనికి ఒకరికి తెలియని వందలాది మంది ఒకే సంపుటంలో పక్కపక్కన కనిపించి, పక్క ఊళ్ళోనే మరొక కవి ఉన్నాడని తెలుసుకున్న సందర్భమది. దాదాపు ఎనభై ఏళ్ళ తరువాత ఇదే జిల్లాకు చెందిన ఒక కవి వేరొక సాధనంతో అటువంటి పనికే పూనుకున్నాడు. ఆ ప్రస్తావన ముందు వస్తుంది.

3. రోమను లిపిలో తెలుగు మాట

1990ల తొలినాళ్ళలో అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుతున్న తెలుగు విద్యార్థులకు కంప్యూటరు ఉంది, వలయం ఉంది, తెలుగు లిపి లేదు. యూజ్‌నెట్‌లోని ‘సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు’ అనే చర్చావేదికలో, పొడి అక్షరాలలో ‘స్కిట్’ అని పిలుచుకున్నచోట, వారు కలుసుకున్నారు. అక్కడ తెలుగును రోమను లిపిలోనే రాయాలి. ఎవరికి తోచినట్లు వారు రాస్తే చదవడం కష్టం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆ ఇబ్బందిని తీర్చింది. ఆర్.టి.ఎస్. అని దానికి పేరు. చిన్న ‘టి’ త-కారానికి, పెద్ద ‘టి’ ట-కారానికి. చిన్న ‘ఎన్’ న-కారానికి, పెద్ద ‘ఎన్’ ణ-కారానికి. అలా రాసినదానిని తెలుగు లిపిలోకి మార్చే ఉపకరణాన్నీ వారే తయారుచేశారు.

ఇక్కడ ఒక సూక్ష్మాంశం గమనించాలి. ఈ పద్ధతిని సాంకేతిక చరిత్రకారులు లిపి సమస్యకు పరిష్కారంగా చెబుతారు. సాహిత్య విద్యార్థిగా నాకది పాఠకులు చేసుకున్న ఒడంబడికగా కనిపిస్తుంది. తనకు నచ్చిన పద్యాన్ని ఎదుటివాడు తప్పుల్లేకుండా చదవాలన్న కోరిక లేకపోతే, ఒక్కొక్క అక్షరానికి చిన్నబడి పెద్దబడి చూసుకుంటూ పుటలకొద్దీ టైపు చేసే ఓపిక ఎవరికుంటుంది? పుస్తకం చేతికి అందని మిత్రుడి కోసం పద్యాలు, కథలు ఇలా ఎక్కించినవారున్నారు. తాళపత్రానికి ప్రతి రాసే లేఖకుడి పనికీ దీనికీ పెద్ద భేదం లేదు.

స్కిట్ అందరూ వచ్చిపోయే సంత. కాస్త నిలకడగా సాహిత్యం మాట్లాడుకోదలచినవారు ‘తెలుసా’ అనే ఉత్తరాల బృందంలోనూ, ఆ తరువాత యాహూలో ‘రచ్చబండ’ అనే బృందంలోనూ చేరారు. 1998లో కె.వి.ఎస్. రామారావు, కొలిచాల సురేశ్ తదితరులు ఆరంభించిన ‘ఈమాట’ ఈ పరిచయాల ఫలమే. ఆ ఏడాదే డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి ఏర్పడి, నెలనెలా ఒక పుస్తకాన్ని ముఖాముఖిగా చర్చించుకోవడం మొదలుపెట్టింది. జర్మనీలో ఉంటూ పాత గ్రామఫోను రికార్డులను, ఆకాశవాణి ప్రసారాలను సేకరించిన పరుచూరి శ్రీనివాస్ వాటిని ఈమాట ద్వారా అందరికీ వినిపించడం కూడా ఈ మైత్రీధర్మంలో భాగమే. తనకు దొరికినది తన దగ్గరే ఉంచుకోకపోవడం ఆ తరం అంతర్జాల పాఠకుల ప్రధాన లక్షణం.

ఉత్తరానికీ ఈ బృందాలకూ ఒక మౌలికమైన తేడా ఉంది. చలం రాసిన ఉత్తరాన్ని ముందు చదివింది దీక్షితులు ఒక్కడే. మనం చదివింది అది అచ్చయిన తరువాత. రచ్చబండలో ఇద్దరు ఒక పద్యపాఠం గురించి వాదించుకుంటుంటే మిగిలిన సభ్యులందరూ అప్పటికప్పుడు వింటున్నారు. వారిలో అధికసంఖ్యాకులు ఏమీ రాయరు. ఆ మౌనశ్రోతలు ఉన్నారన్న స్పృహ వాదించేవారి భాషను మార్చింది. ఆధారం చూపకుండా మాట అనడం తగ్గింది, ఎదుటివారిని మెప్పించడానికి పాండిత్యం ప్రదర్శించడం పెరిగింది. స్నేహాలు కుదిరినట్లే వైరాలూ కుదిరాయి. ఆ వైరాలను దాచి స్నేహాలను మాత్రమే చెబితే అది చరిత్ర కాదు.

మరొక పరిమితిని కూడా చెప్పాలి. ఆ వేదికలలో ఉన్నవారు ప్రధానంగా విదేశాలలో ఉన్న ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు, వైద్యులు. తెలంగాణ గ్రామాలనుంచి వచ్చిన మొదటితరం చదువరులు, దళిత బహుజన పాఠకులు, గృహిణులు అక్కడ అరుదు. అదే దశాబ్దంలో తెలుగునేల మీద స్త్రీవాద, దళిత, మైనారిటీ సాహిత్యోద్యమాలు ఉధృతంగా సాగుతున్నాయి. వాటిగురించి ఆ వేదికలలో చర్చ జరిగినా, ఆ ఉద్యమాలు నడిపినవారిలో చాలామంది ఆ చర్చలో లేరు.

4. లిపి వచ్చిన తరువాత

యూనికోడు తెలుగు, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఖతి, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, 2006లో వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ ఈ పరిస్థితిని మార్చాయి. కలంపేర్లతో పరిచయమైనవారు హైదరాబాదు యూసఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో కలుసుకున్నారు. పుస్తక ప్రదర్శనలో ‘ఈ-తెలుగు’ స్టాలు పెట్టి ఇతరులకు తెలుగు టైపు నేర్పారు. 2009 జనవరిలో వి.బి. సౌమ్య, పూర్ణిమ తమ్మిరెడ్డి ప్రారంభించిన ‘పుస్తకం’ కేవలం చదివిన పుస్తకాల గురించి రాయడానికే ఉద్దేశించినది. విమర్శకులు కానివారు, ‘నేను చదివాను, నాకిలా అనిపించింది’ అని చెప్పడానికి అక్కడ చోటు దొరికింది. విశ్వవిద్యాలయ విమర్శ ఈ రకమైన రచనను ఇంకా తన లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోవాలి.

5. చింతకాని, రొట్టమాకురేవు

బోనకల్‌ను ఆనుకొని ఉన్న మండలం చింతకాని. 1964లో అక్కడ పుట్టిన కవి అఫ్సర్, ఖమ్మంలో ప్రసేన్, సీతారాంలతో కలిసి 1980లలో ‘రక్తస్పర్శ’ అనే ఉమ్మడి కవితాసంపుటి వెలువరించాడు. ఒక పట్టణంలో కలిసి చదివి, కలిసి తిరిగి, కలిసి రాసిన ముగ్గురి పుస్తకమది. తరువాత అమెరికా వెళ్ళి విశ్వవిద్యాలయ ఆచార్యుడైన అఫ్సర్, కల్పన రెంటాల, రాజ్ కారంచేడుతో కలిసి 2013లో ‘సారంగ’ వారపత్రికను అంతర్జాలంలో ఆరంభించాడు. ఖమ్మం స్నేహానికీ సారంగకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఎవరూ పరిశోధించినట్లు లేదు గాని, సంపాదకుడు ఒక్కడుగా గాక మిత్రబృందంగా పనిచేసే అలవాటు రెండుచోట్లా కనిపిస్తుంది.

జిల్లాకు మరోవైపు, ఇల్లెందు అడవుల దిక్కున, కారేపల్లి ప్రాంతంలోని రొట్టమాకురేవు కవి యాకూబ్ స్వగ్రామం. ఆయన 2012లో ఫేస్‌బుక్‌లో ప్రారంభించిన ‘కవిసంగమం’ తెలుగు కవిత్వ పాఠకుల మైత్రికి 2010ల దశాబ్దంలో ఏర్పడిన ప్రధాన వేదికలలో ఒకటి. తెరమీద పరిచయమైనవారిని హైదరాబాదులో గోల్డెన్ థ్రెషోల్డ్, లామకాన్ వంటి చోట్ల సమావేశాలకు రప్పించి, ఒకే వేదికపై సీనియరు కవినీ కొత్తగా రాస్తున్న యువకవినీ చదివించడం దాని పద్ధతి. గోలకొండ కవుల సంచిక గుర్తుకు వచ్చేది ఇక్కడే. రెండింటిలోనూ సంఖ్య ముఖ్యం. రెండింటిలోనూ దూరపు ఊళ్ళ పేర్లు ముఖ్యం. అయితే ప్రతాపరెడ్డికి ఎంపిక చేసే సంపాదకాధికారం ఉంది. సామాజిక మాధ్యమంలో కవిత పెట్టిన మరుక్షణమే మెచ్చుకోలు వస్తుంది. స్నేహితుడి కవితను విమర్శించడం స్నేహానికి ద్రోహమన్న భావన బలపడింది. కవిసంగమంలో విశ్లేషణ శీర్షికలు నడిపి దీనిని ఎదుర్కొనే ప్రయత్నం జరిగింది గాని, సమస్య ఒక్క బృందానిది కాదు, ఆ మాధ్యమానిదే. స్కిట్ నాటి కటువైన వాదం కంటె నేటి సులభమైన ప్రశంస పాఠకుడికి ఎక్కువ మేలు చేసిందని నేను అనుకోను.

2016 సెప్టెంబరు తరువాత చౌక డేటా వచ్చాక గ్రామాలలోని పాఠకులు ఈ బృందాలలో పెద్దసంఖ్యలో చేరారు. 1990లలో హ్యూస్టన్‌కు అందిన సౌకర్యం బోనకల్‌కు రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

6. ఆధారాల సమస్య

సంజీవదేవ్ ఉత్తరాలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి దొరికాయి. అంతర్జాల మైత్రి ఆధారాలు వ్యాపార సంస్థల యంత్రాలలో ఉన్నాయి. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఔత్సాహికులు అక్కడ పెట్టుకున్న పుటలు పోయాయి. 2019 అక్టోబరులో యాహూ తన బృందాలలోని పాత సందేశాలను తొలగిస్తామని ప్రకటించింది. సభ్యులు తమవి దించుకోవడానికిచ్చిన గడువు 2020 జనవరి చివరికి ముగిసింది. ఆ ఏడాది డిసెంబరులో సేవే ఆగిపోయింది. స్వచ్ఛంద సేవకులు కొన్ని బృందాలను కాపాడారు. మిగిలిన వాటిలో ఇప్పుడు ఉన్నది సభ్యులు తమ ఈమెయిలు పెట్టెలలో విడివిడిగా దాచుకున్నదే. ఫేస్‌బుక్‌లో సందేశాలు నిలిచే ఉన్నా, పదేళ్ళనాటి ఒక చర్చను వెతికి పట్టుకోవడం పరిశోధకుడికి దాదాపు అసాధ్యం. 1990ల తెలుగు పఠనాభిరుచిపై సిద్ధాంతవ్యాసం రాయదలచిన విద్యార్థి నేడు ఏ ఆధారంతో రాయాలి?

విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు ఈ సందేశాలను సేకరించడం మొదలుపెట్టాలి. అందుకు మూడు చిక్కులున్నాయి. రాసినవారు చాలామంది జీవించి ఉన్నారు కాబట్టి అనుమతి కావాలి. వారు స్నేహితులకు రాస్తున్నామనుకున్నారే గాని భావిపరిశోధకులకు కాదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒకరి మాటకు అనుమతి దొరికి, దానికి జవాబిచ్చినవారి అనుమతి దొరకకపోతే సంభాషణలో సగమే మిగులుతుంది. లేఖాసాహిత్యంలో ఒకవైపు ఉత్తరాలే అచ్చువేసే అలవాటు మనకుంది. ఇక్కడ అది చాలదు. ఇది మూడో మనిషి వింటుండగా జరిగిన మాట.

ఆర్.టి.ఎస్. లో ఉన్న ఒక పుటను ఇటీవల తరగతిలో విద్యార్థులకు ఇచ్చాను. చదవలేరనుకున్నాను. వాట్సాప్‌లో రోమను అక్షరాలతో తెలుగు రాసుకునే పిల్లలు కాబట్టి తడుముకోకుండా చదివేశారు. పదం మధ్యలో వచ్చిన పెద్ద ‘టి’ దగ్గర మాత్రం ఆగారు. అది అచ్చుతప్పా అని ఒకరు అడిగారు. కాదని, అది ట-కారమని చెప్పాక మళ్ళీ మొదటినుంచి చదివి, దీన్ని ఎవరు ఎవరికి రాశారని అడిగారు. ఆ పుట పైభాగంలో పంపినవారి పేరుండే వరుస చెరిగిపోయి ఉంది.