అది డాన్సు కాదు

నల్ల టీషర్టు మీద కొండల వరసలా తెల్లగీతలుండే బొమ్మ మన ఆఫీసుల్లో మీరూ చూసే ఉంటారు. అవి కొండలు కాదండీ, 1967లో కనుక్కున్న మొట్టమొదటి పల్సార్ రేడియో తరంగాలు. జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ బ్యాండు 1979లో తన మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' అట్ట మీద ఆ గ్రాఫు వేసుకుంది. టీషర్టు వేసుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ పాటలు విన్నారో అడగను లెండి!

పాటలు రాసి పాడింది ఇయాన్ కర్టిస్. 1956లో పుట్టాడు, మాంచెస్టర్ దగ్గర మాకిల్స్‌ఫీల్డ్‌లో పెరిగాడు. పగలు ఉద్యోగం, రాత్రి బ్యాండు. ఉద్యోగం ఎక్కడనుకున్నారు? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో, వికలాంగులకి పని వెతికిపెట్టడం! అక్కడికి మూర్ఛజబ్బున్న ఒకమ్మాయి వచ్చేది. ఉన్నట్టుండి రావడం మానేసింది. ఉద్యోగం దొరికిందేమో అనుకున్నాడట, తీరా చూస్తే చనిపోయింది. 'షీజ్ లాస్ట్ కంట్రోల్' పాట ఆమె గురించే.

ఆ పాట కట్టిన కొన్ని నెలలకే, 1978 డిసెంబరులో, లండన్‌లో కచేరీ చేసి కార్లో ఇంటికొస్తుంటే కర్టిస్‌కే ఫిట్స్ వచ్చాయి. జనవరిలో డాక్టర్లు మూర్ఛ అని తేల్చారు. ఇలాంటి జబ్బుకి వేళకి నిద్ర కావాలి. బ్యాండువాళ్ళకి లేనిదే అది. పైగా స్టేజీ మీద ఠపఠపా వెలిగే లైట్లు. చేతులు విదిలిస్తూ అతను వేసే డాన్సు అచ్చం ఫిట్స్ లాగే ఉండేది. ఏది డాన్సో ఏది ఫిట్సో తెలీక జనం చప్పట్లు కొట్టేవారు.

ఇంట్లో ఏడాది పాప, చెడిన కాపురం. 1980 ఏప్రిల్లో ఆత్మహత్యాయత్నం చేశాడు. ఒకట్రెండు రోజులకే, 8వ తేదీన, బ్యూరీలో కచేరీకి తీసుకొచ్చి నిలబెట్టారు. రెండు పాటలు పాడాడంతే, మిగతావి వేరేవాళ్ళు పాడితే జనం సీసాలు విసిరారు. కచేరీ రద్దు చేస్తే పోయేదేముంది? నాకిప్పటికీ అర్థం కాదు. మే 18న, అమెరికా ప్రయాణానికి ముందురోజు, కర్టిస్ ప్రాణం తీసుకున్నాడు. 23 ఏళ్ళు.

బాధ వల్లే అంత గొప్పగా రాశాడని అభిమానులు అంటుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అమ్మాయి మీద పాట రాసేనాటికి తనకి జబ్బుందని అతనికే తెలీదు కదా! బల్లకి అవతల కూర్చున్న మనిషిని సరిగ్గా చూశాడు, రాశాడు.

అతన్ని అలా చూసినవాళ్ళే తక్కువ. రెండో ఆల్బమ్ 'క్లోజర్' 1980 జులైలో వచ్చింది. రికార్డింగప్పుడు అందులో అతను ఏం రాశాడో మేం పట్టించుకోలేదని, పోయాకే ఆ మాటలు విన్నామని బ్యాండువాళ్ళే తర్వాత చెప్పుకున్నారు.