ప్రత్తి వచ్చిన త్రోవనే

బీటిల్స్ బృందము విచ్ఛిన్నమైన యేటనే, 1970 డిసెంబరు 11వ తేదీన, జాన్ లెనన్ వెలువరించిన ‘ప్లాస్టిక్ ఓనో బ్యాండ్’ అను గానసంపుటిలో ‘ఐ ఫౌండ్ అవుట్’ అను పాట యొకటి కలదు. లెనన్ కంఠము, అతని గిటారు, క్లాస్ ఫూర్మన్ బేస్, రింగో స్టార్ డ్రమ్ములు. అంతకుమించి అందేమియు లేదు. మూడేండ్లకు పూర్వము ఒక్క పాటకై నలుబదిమంది వాద్యకారులను కూర్చినవారిలో నొకడు ఇట్లు కౌపీనధారియై నిలుచుట వింతగా తోపవచ్చును గాని, ఆ దారిద్ర్యము అతడు కల్పించినది కాదు. అమెరికా నల్లజాతి కూలీల బ్లూస్ గానమునుండి ఎరువు తెచ్చుకొన్నది.

ఆ గానమునకును లెనన్ పుట్టిన లివర్‌పూల్ నగరమునకును గల ఋణానుబంధము మిక్కిలి పాతది. పదునెనిమిదవ శతాబ్దియందు ఆ రేవునుండి బయలుదేరిన ఓడలు ఆఫ్రికా తీరమున సరకులు దింపి, మనుష్యులను సరకుగా నెక్కించుకొని అమెరికాకు చేర్చుచుండెను. 1807లో బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించిన పిమ్మటను, బానిసలు ఏరిన ప్రత్తి లాంకషైరు మిల్లులకై ఆ రేవుననే దిగుచుండెను. 1865లో అమెరికాయందు బానిసత్వము చట్టరీత్యా తొలగెను. కాని మిసిసిపి డెల్టాలో నల్లవాడు దొర పొలమును కోరుకు దున్నుచు, దొర అంగడిలో అప్పుపడుచు, లెక్క తేలునాటికి మరల రిక్తహస్తుడగుచుండెను. కోరు సంగతి మన రైతుకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పొలముల నడుమనే, డాకరీ తోట పరిసరములయందు, చార్లీ పాటన్ వంటివారు పాడిరి. ఒకే పాదమును రెండుమారులు పలికి మూడవదానితో జవాబు చెప్పుట, మూడు స్వరమేళములు, పండ్రెండు కొలతలు: స్థూలముగా ఇదియే దాని వ్యాకరణము. వాద్యగోష్ఠిని పోషించు ప్రభువు లేనిచోట ఒక్క గిటారే శ్రుతియు, మృదంగమును, తోడుగొంతును అయ్యెను.

స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడపిన మడ్డీ వాటర్స్ 1943లో చికాగో చేరి, నగరఘోషను మించుటకై విద్యుత్ గిటారు పట్టెను. 1958లో అతడు ఇంగ్లండునకు వచ్చినపుడు, పల్లెపాట నాశించిన శ్రోతలు కొందరు ఆ మ్రోతకు చెవులు మూసికొనిరట. అప్పటికే లివర్‌పూల్ కుఱ్ఱలు ఆ పల్లెపాటల ననుకరించుచు, టీ పెట్టెకు కఱ్ఱయు త్రాడును బిగించి బేస్ వాద్యముగా మీటుచుండిరి. ఓడ కళాసీ కుమారుడైన లెనన్ బృందమును అట్టిదే.

1968లో ఋషీకేశమున గురుసన్నిధిని ధ్యానము నేర్చిన ఆ లెననే ‘ఐ ఫౌండ్ అవుట్’ పాటలో గురువులను, కృష్ణనామమును, తుదకు తలిదండ్రులనుగూడ త్రోసిపుచ్చును. ఇట్టి నిరాకరణమునకు వీణానాదము కుదురునా? ఆ గిటారు మొద్దుబారిన ఱంపమువలె ఒకటే స్వరక్రమమును మరల మరల కోయుచుండును. రింగో దానికి సొగసులు చేర్పడు, దెబ్బ మాత్రమే వేయును.