వ్యవసాయ ఉత్పత్తి ఎన్ని రకాలు? బిలాస్‌పూర్ పొలాలు చెప్పే జవాబు

బిలాస్‌పూర్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది రైల్వే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా మార్చింది. ఆ ఉద్యోగాలతోనే ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. నేడు ఇది ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. అయితే రైల్వే కాలనీలు దాటి అర్పా నది వెంట కాస్త దూరం వెళితే కనిపించేదంతా వరి. ఛత్తీస్‌గఢ్‌కు 'ధాన్ కా కటోరా' అనే పేరు ఊరికే రాలేదు.

వ్యవసాయాన్ని సాధారణంగా జీవనాధార సాగు, వాణిజ్య సాగు, మిశ్రమ సాగు అని విభజిస్తారు. ఇంటి తిండి కోసం పండించేది మొదటిది, అమ్మకం కోసం పండించేది రెండోది. పంటతో పాటు పశువులనూ పెంచేది మూడోది. బిలాస్‌పూర్ పరిసరాల్లో ఈ మూడూ ఒకే కమతంలో కలిసి కనిపిస్తాయి.

నేలను బట్టి సాగు

ఇక్కడి రైతులు నేలలను నాలుగుగా గుర్తిస్తారు. మెరకన ఉండే కంకర ఎర్రనేల 'భాటా', తేలిక నేల 'మటాసీ', మధ్యరకం 'డోర్సా', పల్లంలో ఉండే నల్లరేగడి 'కన్హార్'. అరికెలు, సామల వంటి చిరుధాన్యాలు మెరక నేలలోనూ పండుతాయి. తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచే డోర్సా, కన్హార్ నేలల్లో వరి తర్వాత రెండో పంటకు వీలుంటుంది.

వర్షాధార వరి: బియాసీ

కాలువ నీరు అందని చోట నారు పోసి నాట్లు వేయడం కష్టం. అందుకే తొలకరిలో విత్తనాలు వెదజల్లుతారు. సుమారు నెల రోజులకు మడిలో నీరు నిలిచాక, మొలిచిన పైరులోనే పైపైన నాగలి తోలుతారు. దీన్నే 'బియాసీ' అంటారు. దీంతో కలుపు అణగుతుంది, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది. ఆ సమయానికి వాన పడకపోతే మాత్రం దిగుబడి దెబ్బతింటుంది.

ఉతేరా పంట

వరి కోతకు రెండు మూడు వారాల ముందు, మడిలో తేమ ఉండగానే తివ్రా (కేసరి పప్పు) వంటి విత్తనాలు చల్లడం 'ఉతేరా'. కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో మినుము చల్లినట్టే ఇదీ. దుక్కి ఖర్చు ఉండదు, అదనంగా నీరు పెట్టనక్కర్లేదు. తివ్రాను దీర్ఘకాలం ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే విష పదార్థం తక్కువగా ఉండే రకాలను రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం రూపొందించింది.

పెరడు, పశువులు, అడవి

ఇంటి వెనుక కూరగాయల పెరడును 'బాడీ' అంటారు. పశువుల పేడ పొలానికి ఎరువవుతుంది. అడవి నుంచి ఇప్పపువ్వు, తునికాకు వస్తాయి. మద్ది చెట్లపై పెంచే పట్టుపురుగుల నుంచి కోసా పట్టు వస్తుంది. దాని నేతకు సమీపంలోని చాంపా పేరుపొందింది.

వరి వైపే మొగ్గు ఎందుకు?

2023 ఖరీఫ్ ధాన్యానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్వింటాలుకు మొత్తం 3,100 రూపాయలు చెల్లించింది. ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు కొన్నది. వానపై ఆధారపడిన రైతుకు ఇది పెద్ద ఊరట. కానీ ఒక్క పంటకే ఇంత భరోసా దొరికినప్పుడు, వరి పండగలిగిన ప్రతి చెక్కలోనూ వరే వేయాలనిపిస్తుంది. చిరుధాన్యాలకు మిగిలే చోటు తగ్గుతుంది. ఉతేరాకు మరో చిక్కు కూడా ఉంది. కోతల తర్వాత పశువులను విడిచిపెడితే మొలకలు మిగలవు. పశువులను కట్టడి చేసే 'రోకా-ఛేకా' ఆచారాన్ని ఊరంతా పాటిస్తేనే ఆ పంట ఇంటికి చేరుతుంది.

1970వ దశకంలో శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా ఈ ప్రాంతంలో వేలాది దేశవాళీ వరి రకాలు సేకరించారు. ఏ నేలకు ఏది తగునో తెలిసిన రైతులే వాటిని తరతరాలుగా నిలిపారు. సాగులో ఇన్ని రకాలు ఉండటం వల్ల రైతుకు దొరికే మేలు ఒకటుంది. వాన తప్పి వరి దెబ్బతిన్న ఏడాది కూడా మెరక చేనో, పెరడో, అడవో ఎంతో కొంత ఇస్తుంది. మిగిలింది వరి ఒక్కటే అయితే ఆ ఆసరా ఉండదు.