బృందగానం నేర్పే గురువు: కడప, కర్నూలు సీమల అనుభవం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కడప, కర్నూలు ప్రాంతాలలో నలుగురు కలిసి పాడే సంప్రదాయానికి కొన్ని శతాబ్దాల చరిత్ర ఉంది. అయితే ఆ పాటను సమూహానికి నేర్పే వ్యక్తిని ప్రత్యేకంగా తయారుచేసే విద్య ఇక్కడ స్థిరపడలేదు. తాళ్లపాక సంకీర్తన సంప్రదాయం, గ్రామ భజన బృందాలు, మిషన్ పాఠశాలలు, 1919 నాటి మదనపల్లె ఘట్టం, నేటి స్నాతకోత్తర సంగీత విద్య అనే అంశాల ఆధారంగా ఈ వ్యాసం ఆ లోటును పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బృందగానం, గోష్ఠిగానం, సంగీతోపాధ్యాయ శిక్షణ, తాళ్లపాక, మార్గరెట్ కజిన్స్, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

సంగీతంలో ఎం.ఏ. పూర్తిచేసిన విద్యార్థి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన మొదటి రోజున యాభైమంది పిల్లల ఎదుట నిలబడతాడు. అంతవరకు అతడు నేర్చినది ఒక్కడే కూర్చుని, తన శ్రుతిలో, తన మనోధర్మంతో పాడే విద్య. పాఠశాల అతడిని అడిగేది ప్రార్థనాగీతం, దేశభక్తిగీతం, వార్షికోత్సవానికి ఒక బృందగానం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం వ్యక్తిగత లోపం కాదు. దానికి చరిత్ర ఉంది.

బృందగానం భారతీయ సంగీతానికి కొత్తది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో ఉత్తమ గాయక బృందాన్ని లెక్కతో సహా నిర్వచించాడు: నలుగురు ముఖ్యగాయకులు, ఎనిమిదిమంది సమగాయకులు, పన్నెండుమంది గాయనులు, నలుగురు వేణువాదకులు, నలుగురు మార్దంగికులు. మొత్తం 32 మంది. ముఖ్యగాయకులకూ సమగాయకులకూ మధ్య భేదం చెప్పడమంటే, బృందంలో నడిపించేవారు వేరు, అనుసరించేవారు వేరు అని గుర్తించడమే. నడిపించడం నేర్పవలసిన విద్య అన్న భావన ఈ విభజనలో అంతర్లీనంగా ఉంది.

2. తాళ్లపాక, అహోబిలం, గ్రామ భజన

ఒకప్పటి కడప జిల్లా రాజంపేట తాలూకాలోని తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) జన్మస్థలం. ఆయన అహోబిలంలో శఠకోపయతి వద్ద వైష్ణవ శాస్త్రాలు అభ్యసించాడని మనుమడు చినతిరువేంగళనాథుడు రచించిన 'అన్నమాచార్య చరిత్ర' చెబుతుంది. దివ్యప్రబంధాన్ని గోష్ఠిగా అనుసంధించే వైష్ణవాలయ సంప్రదాయం అహోబిలంలోనూ ఉంది. అన్నమయ్య పదంలోని పల్లవి, చరణాల అమరిక కూడా సమూహ గానానికి అనువైనది. చరణాన్ని ఒకరు పాడితే పల్లవిని అందరూ అందుకోవచ్చు.

అయితే తాళ్లపాక రాగిరేకులపై కీర్తనల సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి, స్వరలిపి లేదు. పాడే పద్ధతి మనిషి నుంచి మనిషికి అందింది. ఆ పరంపర సన్నగిల్లినప్పుడు సాహిత్యం మిగిలింది, వరుస మరుగైంది. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు అనేక కీర్తనలకు స్వరరచన చేయవలసి వచ్చింది. నేర్పే వ్యక్తి లేకపోతే పాట ఏమవుతుందో చెప్పడానికి రాయలసీమలో ఇంతకంటే పెద్ద నిదర్శనం అక్కరలేదు.

గ్రామాలలో పండరి భజన, చెక్కభజన బృందాలకు గురువులు ఉన్నారు. పాట, అడుగు, తాళం మూడింటినీ ఒకేసారి నేర్పడం, అక్షరజ్ఞానం లేనివారికి కూడా నోటి ద్వారా దీర్ఘ సాహిత్యాన్ని కంఠస్థం చేయించడం వారి నైపుణ్యం. ఒక పంక్తి పాడి పలికించడం, తప్పిన గొంతును వేలెత్తి చూపకుండా బలమైన గొంతు పక్కన నిలబెట్టి సరిదిద్దడం బృందగాన బోధనలో మౌలిక పద్ధతులు. సంగీత కళాశాలల పాఠ్యప్రణాళికలు వీటిని బోధనాశాస్త్రంగా గుర్తించలేదు.

3. మిషన్ పాఠశాలలు

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని ప్రారంభించింది. కర్నూలు ప్రాంతంలో నంద్యాల ఎస్.పి.జి. మిషన్‌కు ముఖ్య కేంద్రమైంది. ఈ మిషన్ల గ్రామ వ్యవస్థలో ఉపాధ్యాయుడే తరచు ఆరాధన నడిపేవాడు కూడా. వారమంతా బడి చెప్పిన వ్యక్తి ఆదివారం సంఘం చేత పాడించాలి. పురుషోత్తమ చౌదరి వంటివారు దేశీయ రాగతాళాలలో రచించిన కీర్తనలు అందుకు సాధనమయ్యాయి. ఉపాధ్యాయ వృత్తి, సమూహ గానం ఒకే మనిషిలో కలవడం ఇక్కడ గమనార్హం. అయితే అది వృత్తిధర్మంగా వచ్చిన అలవాటే తప్ప విశ్వవిద్యాలయ స్థాయి విద్యగా ఎదగలేదు.

4. మదనపల్లె, 1919

సంగీతంలో పట్టం పొందిన వ్యక్తి కళాశాల విద్యార్థుల మధ్య బృందగానాన్ని నిలిపిన ప్రసిద్ధ సందర్భం మదనపల్లెలో కనిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో భాగం. అక్కడి థియోసాఫికల్ కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో పుట్టి, డబ్లిన్‌లో సంగీతం చదివి, 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండ్ నుంచి సంగీత పట్టం పొందారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలలో అతిథిగా ఉన్నప్పుడు విద్యార్థుల సంగీత సమావేశంలో 'జనగణమన' పాడారు. పల్లవిని సభలోనివారు అందుకున్నారు. మార్గరెట్ ఆ వరుసను విని, స్వరలిపిలో రాసి, కవికి వినిపించి ఆయన ఆమోదం పొందారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ గీతానికి తన ఆంగ్లానువాదాన్ని అక్కడే రాసిచ్చారు. ఆ పాట కళాశాల ప్రార్థనాగీతమైంది.

జాతీయగీతానికి బాణీ మదనపల్లెలోనే పుట్టిందన్న ప్రచారాన్ని మాత్రం సవరించుకోవాలి. ఆ గీతాన్ని 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే పాడారు. కనుక వరుస అప్పటికే ఉంది. మదనపల్లె ప్రాముఖ్యం వేరే చోట ఉంది. విన్న పాటను స్థిరరూపంలో రాసుకోవడం, కర్త చేత సరిచూపించుకోవడం, నిత్యగానంగా విద్యార్థులలో నిలపడం అనే మూడు పనులూ ఆ కళాశాలలో ఒకచోట చేరాయి. బృందగాన ఉపాధ్యాయుడికి కావలసిన శిక్షణ సారాంశం కూడా దాదాపు ఇదే. తాళ్లపాకలో వరుస నిలవలేదు. మదనపల్లెలో రాసుకున్న వరుస నిలిచింది. ఈ భేదానికి కారణం సంగీత ప్రతిభలో కాక, శిక్షణలో వెదకాలి.

5. మద్రాసు నుంచి తిరుపతికి

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు కడప, కర్నూలు జిల్లాలు మద్రాసు పాలనలో ఉండేవి. మద్రాసు సంగీత అకాడమీ 1931లో సంగీతోపాధ్యాయ కళాశాలను ఆరంభించింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1932లో సంగీత డిప్లొమాను ప్రవేశపెట్టింది. తెలుగు సీమలో 1919లో వెలసిన విజయనగరం సంగీత కళాశాల దూరాన ఉత్తరాంధ్రలో ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, ఆపై 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వెలసిన తరువాత రాయలసీమ విద్యార్థులకు దారి దగ్గరైంది.

దారి దగ్గరైనా శిక్షణ లక్ష్యం మారలేదు. వర్ణం, కృతి, రాగాలాపన, నెరవు, కల్పనస్వరం ఇవే ప్రాయోగిక పరీక్షకు ప్రాణం. ప్రతి విద్యార్థీ పరీక్షకుల ఎదుట ఒంటరిగానే కూర్చుంటాడు. బృందాన్ని నడిపేవారికి ఎదురయ్యే ప్రశ్నలు వేరు. పురుషులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే, స్త్రీలు నాలుగున్నర నుంచి ఐదున్నర శ్రుతిలో పాడతారు. ఇద్దరినీ ఒక పాటలో ఎక్కడ కలపాలి? ఎనిమిది, తొమ్మిది తరగతులలో గొంతు మారుతున్న బాలుడిని పాడించాలా, తాళానికి పరిమితం చేయాలా? ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పలికే గమకాన్ని ఎంతవరకు సరళం చేయవచ్చు? వీటికి సమాధానాలు కచేరీ విద్యలో దొరకవు.

ఈ ప్రశ్నలను జీవితకాలం పట్టించుకున్న సంగీతకారుడు రాయలసీమలోనే పుట్టాడు. 1925లో చిత్తూరులో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసు యూత్ కాయర్‌ను స్థాపించి, భారతీయ రాగాలకు బహుకంఠ గానాన్ని అన్వయించాడు. పాఠశాలల్లో సామూహిక గానాన్ని వ్యాపింపజేసే జాతీయ కార్యక్రమంలో పాలుపంచుకున్నాడు. 1988లో లక్షద్వీప్‌లో మరణించాడు. ఆయన కృషి తమిళ, మలయాళ సీమల్లో స్మరణలో ఉన్నంతగా పుట్టిన సీమలో లేదు.

6. ముగింపు

కడప, కర్నూలు సీమల్లో గోష్ఠి, భజన, ఆరాధన అనే మూడు మార్గాలలో సమూహ గానం జీవించింది. ప్రతి మార్గంలోనూ నేర్పేవారు ఉన్నారు కాని, వారి నేర్పు పాఠ్యాంశం కాలేదు. నేడు కేంద్రీయ, నవోదయ విద్యాలయాలలో సంగీతోపాధ్యాయ పదవులు ఉన్నాయి. వాటికి అర్హత సంపాదించే విద్యార్థికి బృందబోధన ఒక ప్రాయోగిక పత్రంగా ఉండాలి. ఒక సెమిస్టరు సమీప పాఠశాలలో ఇరవైమంది పిల్లలకు ఒక పాట నేర్పి, దాని స్వరలిపితో పాటు బోధనా దినచర్యను సమర్పించడం అందుకు కనీస రూపం కాగలదు. పల్లెలోని భజన గురువును అతిథి బోధకుడిగా పిలవడం రెండో మెట్టు. భజన గురువుల బోధనా పద్ధతులను క్షేత్రపర్యటనతో నమోదు చేసే పరిశోధనకు ఇది తగిన సమయం. వృద్ధులైన గురువులు గడిచిపోతే ఆ పద్ధతులకు మిగిలే రాగిరేకులు కూడా ఉండవు.