అమ్మలు అడగడం మానలేదు

జన్యువుల్లో వచ్చిన జబ్బు అనగానే మనవాళ్ళు చాలామంది తలరాత అనుకుంటారు. తలరాత కాబట్టి ఇక చేసేదేం లేదని అర్థం. ఈ మాట అబద్ధమని తేలి డెబ్బై ఏళ్ళు దాటింది. తేల్చింది డాక్టర్లే, కానీ వాళ్ళని ఊరుకోనివ్వనిది మాత్రం ఇద్దరు అమ్మలు. ఫినైల్ కీటోన్యూరియా, పొట్టిగా పీకేయూ అనే జబ్బు కథ ఇది.

నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఆవిడకి ఇద్దరు పిల్లలు. పుట్టినప్పుడు బాగానే ఉన్నారు. తర్వాత పాపకి మాటలు సరిగా రాలేదు, బాబుకి నడకా మాటా రెండూ లేవు. పిల్లల దగ్గర ఏదో ముక్కిపోయిన వాసన. "ఇంతేనమ్మా" అన్న డాక్టర్లే అందరూ. ఆవిడ మాత్రం ఆ వాసన ఎందుకని అడుగుతూనే ఉంది. చివరికి 1934లో ఓస్లోలో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టర్ దొరికాడు. ఆయన కెమిస్ట్రీ కూడా చదివినవాడు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఆకుపచ్చ రంగొచ్చింది. రావలసిన రంగు కాదది. మందులన్నీ మాన్పించి మళ్ళీ చూశాడు, మళ్ళీ ఆకుపచ్చే! లీటర్లకొద్దీ మూత్రం తెప్పించి, అది ఫినైల్ పైరువిక్ ఆమ్లమని తేల్చాడు. తర్వాత బుద్ధిమాంద్యం ఉన్న 430 మందిని పరీక్షిస్తే ఇంకో 8 మందిలో అదే కనబడింది.

సంగతేంటంటే, పాలు, పప్పు, మాంసం లాంటి వాటి ప్రొటీన్లలో ఫినైల్అలనైన్ ఉంటుంది. దాన్ని టైరోసిన్‌గా మార్చే ఎంజైము ఈ పిల్లల్లో పనిచెయ్యదు. అది రక్తంలో పేరుకుపోయి, ఎదిగే మెదడుని పాడుచేస్తుంది. కడుపులో ఉన్నంతకాలం తల్లి ఒళ్ళే ఆ పని చూసుకుంటుంది. అందుకే బిడ్డ మామూలుగానే పుడుతుంది. చెడేది తర్వాత, తాగే పాలతోనే.

జబ్బు తెలిసింది గానీ మందు లేదు. 1951లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి షీలా అనే పాపని తీసుకొచ్చింది వాళ్ళమ్మ. హోర్స్ట్ బికెల్ అనే డాక్టర్ జబ్బు పేరు చెప్పి, వైద్యం లేదన్నాడు. ఆవిడ వినలేదు. రోజూ పొద్దున్నే ల్యాబు ముందు నిలబడి, ఏమన్నా దొరికిందా అని అడిగేది. తప్పించుకోలేక బికెల్ బృందం ఫినైల్అలనైన్ తీసేసిన ఆహారం తయారుచేసింది. కొన్ని నెలల్లో పాప పాకింది, నిలబడింది. ఇది నిజంగా ఆహారం వల్లేనా అని తేల్చుకోవడానికి, తల్లికి చెప్పకుండా ఫినైల్అలనైన్ కలిపి ఇచ్చారు. నెలల తరబడి నేర్చుకున్నదంతా పాప రోజుల్లో పోగొట్టుకుంది. తర్వాత తల్లికి చెప్పి, ఆవిడ ఒప్పుకున్నాక ఆసుపత్రిలో మళ్ళీ చేసి చూపించారు. రుజువైతే దొరికింది, కానీ ఆ మొదటిసారి చేసింది నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

షీలాకి మాత్రం పూర్తిగా నయం కాలేదు. అప్పటికే ఆలస్యమైంది.

ఆ ఆలస్యం సంగతి చూసినవాడు అమెరికాలో రాబర్ట్ గత్రీ. సొంత కొడుక్కి బుద్ధిమాంద్యం. మేనకోడలికి పీకేయూ అని చాలా ఆలస్యంగా తెలిసింది. 1960ల మొదట్లో, బిడ్డ మడమ నుంచి వడపోత కాగితం మీదకి తీసిన రక్తపు చుక్కలతో చేసే పరీక్ష కనిపెట్టాడు. 1963లో మసాచుసెట్స్ దాన్ని చట్టం చేసింది. పుట్టిన మొదటి వారాల్లోనే ఆహారం మార్చిన పిల్లలు మామూలుగా పెరిగి, చదువుకున్నారు. ఒకప్పుడు అయిదారేళ్ళకి ఆ ఆహారం మాన్పించేవారు. అది కూడా తప్పేనని, జీవితాంతం పాటించాలని తర్వాత తెలిసింది.

ఇక మన సంగతి. ఈ జబ్బు రావాలంటే అమ్మ దగ్గర్నుంచీ నాన్న దగ్గర్నుంచీ వచ్చిన జన్యువు కాపీలు రెండూ పాడైపోవాలి. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మా భాషలో చెప్పాలంటే, బ్యాకప్పు కూడా అదే కరప్టయిన ఫైలు. అయినా మన దేశమంతటా ప్రతి శిశువుకీ ఈ పరీక్ష తప్పనిసరి కాదు. పిల్లాడు మొద్దు అనో, పూర్వజన్మ పాపమనో సరిపెట్టుకున్న ఇళ్ళల్లో ఎన్నింట్లో అసలు కారణం ఇలాంటిదో ఎవరు లెక్కపెట్టారు?

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ళింట్లోనో బిడ్డ పుట్టబోతుంటే, మడమ రక్తం పరీక్ష చేస్తారా అని ఆసుపత్రిలో ముందే అడగండి. అక్కర్లేదంటే ఎందుకక్కర్లేదో కూడా అడగండి. ఆ అమ్మలు చేసిందీ అంతే.